మీరు అడిగారు: చిట్టి చేతులకు వంటింటి ప్రయోగాలు

మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలతో ఇంట్లో దొరికే ద్రవాలతో చేయించగల ప్రయోగాల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలు, వాటికి మా జవాబులు. కొలతల్లో ‘చెంచా’ అన్నచోట 5 మి.లీ., ‘పెద్ద చెంచా’ అన్నచోట 15 మి.లీ. అని లెక్క. దగ్గుమందు సీసాతో వచ్చే కొలత మూతను శుభ్రంగా కడిగి ఉంచుకుంటే ఈ పనికి చక్కగా సరిపోతుంది.

ప్రశ్న: తేనె, గిన్నెలు తోమే లిక్విడ్, నీళ్ళు, నూనె ఒకే గ్లాసులో పోస్తే పొరలు పొరలుగా నిలుస్తాయని మా ఐదేళ్ళ పాపతో చేయించాను. నూనె ఒక్కటే పైన నిలిచింది, మిగతావన్నీ కలిసి బురదనీళ్ళలా అయ్యాయి. పాప ముఖం చిన్నబుచ్చుకుంది. పొరపాటు ఎక్కడ జరిగింది?
— ఒక తల్లి, తణుకు

జవాబు: పోసే తీరులో. తేనె, లిక్విడ్, నీళ్ళు మూడూ ఒకదానిలో ఒకటి కరిగిపోయేవే. వాటి బరువుల్లో తేడా ఉంది కాబట్టి, మనం నెమ్మదిగా పోస్తే కాసేపు వేటికవి నిలుస్తాయి. పైనుంచి ధారగా పోశామా, ఆ ధార కింది పొరను కలిపేస్తుంది. నూనె సంగతి వేరు, అది నీళ్ళలో కలవదు. అందుకే మీ గ్లాసులో అది ఒక్కటే మాట నిలబెట్టుకుంది.

ఈసారి సన్నగా, పొడుగ్గా ఉన్న పారదర్శకమైన గ్లాసు తీసుకోండి. వెడల్పు గ్లాసయితే పొరలు పలచనై కంటికి ఆనవు. ఒక్కొక్కటి మూడు పెద్ద చెంచాలు చాలు. ముందు తేనెను గోడలకు అంటకుండా గ్లాసు మధ్యలో పోయండి. గోడకు అంటిన తేనె తర్వాత పోసే నీళ్ళలోకి చారలుగా జారి పొరలన్నిటినీ మసకబారుస్తుంది. తేనె సర్దుకోవడానికి ఒక నిమిషం ఇచ్చి, గ్లాసు వంచి గోడ మీదుగా లిక్విడ్ జార్చండి. ఇది చిక్కటిదే కావాలి. నీళ్ళు కలిపి పలచన చేసి పెట్టుకున్నది పనికిరాదు. మూడోది రంగునీళ్ళు. చెంచాను బోర్లించి దాని కొన గ్లాసు గోడకు ఆనించి, వీపు మీద చుక్క చుక్కగా పోయాలి. ఈ పొర దగ్గరే నూటికి తొంభైమంది తొందరపడతారు. నీళ్ళు పోసేది పాపే కావాలంటే చేతికి గ్లాసు ఇవ్వకండి, ఇంకు ఫిల్లర్ ఇవ్వండి. ఫిల్లర్‌తో పోస్తే తొందరపడదామన్నా కుదరదు. చివర నూనె. వేరుశనగ నూనె, పొద్దుతిరుగుడు నూనె ఏదైనా సరే. కొబ్బరినూనె మాత్రం చలికాలంలో వద్దు, 24 డిగ్రీల దిగువన గడ్డకడుతుంది.

తేనె ఖరీదనుకుంటే 100 గ్రాముల బెల్లం, 50 మి.లీ. నీళ్ళు మరిగించి వడగట్టి, పూర్తిగా చల్లారనివ్వండి. ఆ పాకం రెండు గ్లాసులకు వస్తుంది, ముదురు రంగు కాబట్టి పొర ఇంకా బాగా కనిపిస్తుంది.

పొరలు నిలిచాక ఫిల్లర్‌తో ఒక్క చుక్క రంగు నూనె మీద వేయించండి. ఆ చుక్క నూనెలో గుండ్రటి పూసలా మెల్లగా దిగుతుంది. నూనె, నీళ్ళు కలిసేచోట ఒక క్షణం ఆగి, ఉన్నట్టుండి పగిలి నీళ్ళలోకి పొగలా విచ్చుకుంటుంది. నాలుగు పొరలకన్నా పిల్లలు ఈ ఒక్క చుక్కనే ఎక్కువసేపు చూస్తారు.

‘బరువు’ అనే మాట పాపకు అర్థం కావాలంటే, ఒకే సైజు 100 మి.లీ. సీసాలు రెండు తీసుకుని ఒకదానిలో తేనె, ఇంకోదానిలో నూనె నిండా పోసి మూతలు బిగించి రెండు చేతుల్లో పెట్టండి. లోపలి తేనె దాదాపు 140 గ్రాములు, నూనె 92 గ్రాములు తూగుతాయి. ఆ తేడా చేతికి ఇట్టే తెలిసిపోతుంది. ఏది కిందికి పోతుందో ఆ తర్వాత పాపే చెబుతుంది. ఇంట్లో ఏడాది నిండని బిడ్డ ఉంటే తేనె నోట్లో పడకుండా చూడండి. ఆ వయసులో తేనె నాకించడం ప్రమాదం.

ప్రశ్న: పాలలో రంగు చుక్కలు వేసి సబ్బు ముట్టిస్తే రంగులు పరుగెడతాయన్నారు. మాకు అసలు కదల్లేదు. పైగా పాలు పారబోయడం చూసి మా అత్తయ్యగారు బాధపడ్డారు. పాలు లేకుండా చేయొచ్చా?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మీ అత్తయ్యగారి బాధ న్యాయమైనదే. అందుకే ముందు కొలత సంగతి. భోజనం పళ్ళెం నిండా పాలు పోయాల్సిన పని లేదు. కాఫీ సాసర్‌లో రెండు పెద్ద చెంచాలు, అంటే 30 మి.లీ. చాలు.

రంగులు కదలకపోవడానికి ఎక్కువగా కనిపించే కారణం ఎవరూ అనుమానించనిది: సాసర్‌కు ముందే కాస్త సబ్బు అంటి ఉండటం. తోమి సరిగా కడగని సాసర్‌లో పాలు పోసిన క్షణానే సబ్బు తన పని చేసేసి ఉంటుంది. ఆ తర్వాత మీరు ఎంత సబ్బు ముట్టించినా కొత్తగా జరిగేదేమీ ఉండదు. రెండుసార్లు ఉత్త నీళ్ళతో కడిగి, పొడి గుడ్డతో తుడిచి మొదలుపెట్టండి. రెండోసారి చేసేటప్పుడు కూడా ఇదే నియమం, పాలు కూడా మార్చాలి.

తర్వాతి కారణం పాల రకం. ప్యాకెట్ మీద కొవ్వు శాతం రాసి ఉంటుంది. ఫుల్‌క్రీమ్ పాలలో 6 శాతం, టోన్డ్‌లో 3, డబుల్ టోన్డ్‌లో 1.5. ఫుల్‌క్రీమ్ పాలలో రంగులు జోరుగా సుళ్ళు తిరుగుతాయి, డబుల్ టోన్డ్‌లో కాస్త జరిగి ఊరుకుంటాయి. కాచిన పాలయితే మీగడ తీసి వడగట్టాలి. పైన సన్నటి మీగడ పొర ఉన్నా రంగు దాని మీదే కూర్చుంటుంది. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినవి కాక, గది వేడిలో ఉన్న పాలు వాడండి.

పొడి రంగయితే చిటికెడు రంగును ఒక చెంచా నీళ్ళలో కలిపి, ఫిల్లర్ కొనను పాలకు దాదాపు ఆనించి చుక్క వదలండి. ఎత్తు నుంచి వేస్తే చుక్క లోపలికి మునిగిపోతుంది. నాలుగు చుక్కలు చాలు. తర్వాత చెవుల్లో వాడే దూదిపుల్లను గిన్నెల లిక్విడ్‌లో ముంచి, మధ్యలో ఆనించి మూడు అంకెలు లెక్కపెట్టమనండి. కలపకూడదు, ఆనించి ఉంచాలంతే. పిల్లలు పుల్లతో తిప్పడం మొదలుపెడితే అన్నీ కలిసి బూడిదరంగు అవుతుంది.

ఇంతకీ జరిగేదేమిటి? ప్రతి ద్రవం పైభాగమూ బిగించి పట్టిన పలచటి గుడ్డలా ఉంటుంది. సబ్బు తగిలినచోట ఆ బిగువు సడలుతుంది, చుట్టూ ఉన్నది తన వైపు లాక్కుంటుంది. సబ్బు పాలలోని కొవ్వును వెతికి పట్టుకుంటూ పోతుంటే ఆ కదలిక కొంతసేపు సాగుతుంది, రంగు దాన్ని మన కంటికి చూపిస్తుంది. సబ్బు అంతటా పరుచుకున్నాక ఆగిపోతుంది.

పాలు అసలే వద్దనుకుంటే, వెడల్పు పళ్ళెంలో నీళ్ళు పోసి పైన పావు చెంచా మిరియాల పొడి చల్లండి. పాప వేలికి సబ్బు రాసి మధ్యలో ఆనిస్తే పొడి అంతా ఒక్కసారిగా అంచులకు పారిపోతుంది. పొడి చల్లేది మీరే కావాలి. ఆ చేత్తో పిల్లలు కళ్ళు నలుపుకుంటే మంట. పని అవ్వగానే చేతులు కడిగించండి.

ప్రశ్న: మా అబ్బాయికి నాలుగున్నరేళ్ళు. పొట్టి గ్లాసులోని పాలు అతని కళ్ళ ముందే పొడుగు గ్లాసులోకి మార్చినా “ఇప్పుడు ఎక్కువయ్యాయి” అంటాడు. ఎంత చెప్పినా వినడు. ఎదుగుదలలో ఏమైనా లోపమా?
— ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: లోపం ఏమాత్రం కాదు, ఆ వయసుకు అదే సహజం. స్విట్జర్లాండ్‌కు చెందిన మనోవిజ్ఞాని జాన్ పియాజే (1896–1980) పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశీలించడానికి వాడిన ప్రసిద్ధమైన పరీక్షల్లో సరిగ్గా ఇదే ఒకటి. ఒకే గ్లాసు నీళ్ళను సన్నటి గ్లాసులోకి వంపితే, ఏడేళ్ళ లోపు పిల్లల్లో చాలామంది ఎత్తు చూసి ఎక్కువయ్యాయంటారు. వాళ్ళ చూపు ఎత్తు మీద నిలిచిపోతుంది. వెడల్పు తగ్గిందన్న సంగతిని అదే సమయంలో లెక్కలోకి తీసుకోవడం ఇంకా రాదు.

వాదించి ఒప్పించాలని చూడకండి. “సరే, మళ్ళీ ఆ గ్లాసులోకే పోసి చూద్దామా?” అని అడిగి అతని చేతే పోయించండి. స్నానాల గది గట్టు మీద లోటా, గిన్నె, సీసా, గరాటు పెట్టి పావుగంట వదిలేస్తే చాలు. దగ్గర మీరు ఉండాలి. బకెట్‌లో రెండు అంగుళాల నీళ్ళున్నా ఆ వయసు పిల్లలకు ప్రాణాపాయమే. ఒక చెంబు ఎన్ని చిన్న గ్లాసులు నింపుతుందో లెక్కపెట్టించండి. ఇలా పోసి, వంపి, ఒలకబోసిన అనుభవమే కొన్నేళ్ళకు “అవే నీళ్ళు కదా” అనిపిస్తుంది.

ప్రశ్న: దిష్టి తీసే ఎర్రనీళ్ళు పసుపు, సున్నం కలిపి చేస్తారు కదా. ఐదేళ్ళ మనవడి చేత ఆ రెండూ కలిపించి సైన్స్ చెబుదామని నా ఆలోచన. ఎలా చెబితే బాగుంటుంది?
— ఒక తాతగారు, రాజమహేంద్రవరం

జవాబు: ఆలోచన బాగుందండీ. మన ఇళ్ళలో తరతరాలుగా కళ్ళ ముందున్న రసాయనశాస్త్రం అది. పెళ్ళికూతురి పాదాలకు పెట్టే పారాణి ఎరుపు కూడా పసుపు, సున్నాల కలయికే. అయితే సున్నం మాత్రం పిల్లాడి చేతికి ఇవ్వకండి. తడి సున్నం ఘాటైన క్షారం. తాంబూలం సున్నం ట్యూబులు, పొట్లాలు పిల్లలు నొక్కినప్పుడు చిమ్మి కంట్లో పడితే చూపే పోవచ్చు. ఎప్పుడైనా అలా పడితే రుద్దకూడదు. వెంటనే ధారగా మంచినీళ్ళు పోస్తూ కనీసం 15–20 నిమిషాలు కడిగి, ఆ తర్వాత ఆలస్యం లేకుండా కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

సున్నం బదులు స్నానం సబ్బు సరిపోతుంది. ఒక చెంచా పసుపును రెండు చెంచాల నీళ్ళతో కలిపి, తెల్ల కాగితం మీద దూదితో పూయించండి. నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే పసుపు రంగు వెలిసిపోతుంది. ఆరాక కాగితాన్ని అగ్గిపెట్టె సైజు ముక్కలుగా కత్తిరించండి. చిన్న గిన్నెల్లో సబ్బునీళ్ళు, నిమ్మరసం, చింతపండు రసం, వంటసోడా కలిపిన నీళ్ళు, ఉత్త నీళ్ళు పెట్టి, ఒక్కో ముక్క మీద ఒక్కో చుక్క వేయించండి. సబ్బునీళ్ళు పడినచోట ఇటుక ఎరుపు వస్తుంది. వంటసోడాకు అంత గాఢంగా రాదు, నారింజ ఛాయ కనిపిస్తుంది. నిమ్మ, చింతపండు, నీళ్ళకు మార్పుండదు. ఇప్పుడు ఎర్రబడిన చోట నిమ్మరసం చుక్క వేయించండి, మళ్ళీ పసుపు తిరిగొస్తుంది. మనవడు ఇక మిమ్మల్ని కూర్చోనివ్వడు.

ఇక్కడ తరచూ జరిగే తప్పు ఒకటి చెప్పాలి. సబ్బు అన్నారు కదా అని గిన్నెల లిక్విడ్ వాడితే చాలాసార్లు రంగు మారదు. చేతులు మండకుండా ఉండాలని వాటిలో చాలావాటిని క్షారగుణం లేకుండా తయారుచేస్తారు. పసిపిల్లల సబ్బులు కొన్నీ అంతే. మామూలు స్నానం సబ్బుబిళ్ళను తడిపి అరగదీసిన చిక్కటి నీళ్ళయితే తప్పకుండా మారుతుంది. అలా మారనివి బయటపడితే ఇంకా మంచిది. ఇంట్లోని సబ్బులన్నీ వరసపెట్టి, ఏది ఎర్ర చేస్తుందో ఏది చేయదో రెండు గుంపులుగా విడదీయమనండి.

ఐదేళ్ళ పిల్లాడికి ఆమ్లం, క్షారం అనే పేర్లు అక్కర్లేదు. “పులుపువి ఒక జట్టు, సబ్బువి ఒక జట్టు. పసుపు సబ్బు జట్టును గుర్తుపడుతుంది” అంటే చాలు. చొక్కా మీద పడ్డ పప్పు మరక సబ్బు పెట్టగానే ఎర్రబడి, జాడించగానే పసుపయ్యేది కూడా ఇందుకే. ఈసారి బట్టలుతికేటప్పుడు పిలిచి చూపించండి.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. పూలతో రంగులు మార్చే ప్రయోగం చేద్దామంటే మందారాలు, శంఖుపూలు పెరట్లో లేవు. వేరే దారి ఉందా?
— ఒక తల్లి

జవాబు: మీకు ఊదారంగు క్యాబేజీ సులువుగా దొరుకుతుంది, అది పూలకన్నా మెరుగు. మూడు ఆకులు తురిమి, ఒక కప్పు వేడినీళ్ళు పోసి పది నిమిషాల తర్వాత వడగట్టండి. ఊదా నీళ్ళు వస్తాయి. నిమ్మరసం పడితే గులాబీ, వంటసోడా పడితే నీలి ఆకుపచ్చ. టీ కోసం అమ్మే ఎండు శంఖుపూలయినా సరే, కప్పు వేడినీళ్ళకు పది పూలు. ఇక్కడి పాఠకులు తాజా శంఖుపూలు అన్నే వేసుకోవచ్చు. ఎర్ర మందారం రేకులైతే నిమ్మకు మెరిసే ఎరుపు, సోడాకు ఆకుపచ్చ ఇస్తాయి. ఈ నీళ్ళు ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులకు మించి ఉండవు, పుల్లబడి రంగు తప్పుతాయి. వేడినీళ్ళు పోసే పని పెద్దవాళ్ళది.

ప్రశ్న: అగ్నిపర్వతం ప్రయోగం చేశాం. సోడా, వెనిగర్ వేస్తే నాలుగు బుడగలు వచ్చి ఆగిపోయింది. ఎక్కువ సోడా వేస్తే ఎక్కువ పొంగదా? బెలూన్ ఊదించవచ్చా?
— ఒక ఉపాధ్యాయురాలు, కర్నూలు

జవాబు: ముందు డబ్బా చూడండి. అది వంటసోడానా, బేకింగ్ పౌడరా? బేకింగ్ పౌడర్‌లో పులుపు పొడి, పిండి ముందే కలిపి ఉంటాయి, నీళ్ళు తగిలితేనే కాస్త పొంగుతుంది. వెనిగర్‌తో వచ్చే పొంగు అందులో తక్కువే. ఇంకో మాట. దుకాణంలో ఉత్త ‘సోడా’ అని అడిగితే బట్టల సోడా ఇచ్చే ప్రమాదం ఉంది. ఈ ప్రయోగానికి అదీ వద్దు, కాస్టిక్ సోడా అయితే ఇంట్లోకే రానివ్వకండి. తినే సోడా అని అడిగి తీసుకోండి.

ఎక్కువ సోడా వేస్తే ఎక్కువ పొంగదు. దుకాణాల్లో దొరికే 4 శాతం వెనిగర్‌లో ఒక చెంచా (5 గ్రాముల) సోడా పూర్తిగా కరిగి బుడగలవ్వాలంటే దాదాపు 90 మి.లీ. వెనిగర్ కావాలి. రెండు చెంచాల వెనిగర్‌కు మూడు చెంచాల సోడా వేస్తే వెనిగర్ వెంటనే అయిపోయి, మిగతా సోడా అడుగున ముద్దగా మిగులుతుంది. నిమ్మరసమైతే ఒక కాయకు పావు చెంచా సోడా లెక్క. నురగ కొండలా పొంగాలంటే వెనిగర్‌లో అర చెంచా గిన్నెల లిక్విడ్ కలపండి. బుడగలు త్వరగా పగిలిపోకుండా అది పట్టి ఉంచుతుంది.

మట్టితో కొండ కట్టడం బాగుంటుంది కానీ, ఈ వయసు వాళ్ళకు అంతకన్నా నచ్చేది ఇంకొకటి. వెడల్పు పళ్ళెంలో సోడా పలచగా పరిచి, రంగు కలిపిన వెనిగర్‌ను ఫిల్లర్‌తో చుక్క చుక్కగా వేయనివ్వండి. ప్రతి చుక్కా బుస్సుమంటుంది. కొండ ఒక్కసారే పొంగుతుంది, ఇది అరగంట సాగుతుంది.

బెలూన్ ఊదించవచ్చు. అర లీటరు సీసాలో 90 మి.లీ. వెనిగర్ పోయండి. బెలూన్‌లో గరాటుతో ఒక చెంచా సోడా వేసి, మూతికి తొడిగి పైకెత్తండి. ఆ సోడా నుంచి లీటరుకు పైగా కార్బన్ డయాక్సైడ్ వాయువు రావాలి. కొంత ద్రవంలోనే కరిగిపోయినా బెలూన్ బాగానే నిలబడుతుంది. ఊదక ముందు బెలూన్‌ను రెండు మూడుసార్లు సాగదీయండి. కొత్త బెలూన్ బిగువుకు గాలి మూతి దగ్గర నుంచి జారిపోతుంది, ‘ఊదలేదు’ అనేవాళ్ళలో చాలామందికి జరిగేది ఇదే. సీసాకు మూత బిగించడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు, పగులుతుంది. పగిలిన బెలూన్ ముక్కలు వెంటనే ఏరేయండి, చిన్నపిల్లల గొంతుకు అడ్డం పడతాయి.

ప్రశ్న: గోలీసోడాలో కిస్మిస్‌లు నాట్యం చేస్తాయా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: చేస్తాయి. అప్పుడే కొట్టిన చల్లటి సోడా గ్లాసులో పోసి ఐదారు కిస్మిస్‌లు వేయండి. ముందు మునుగుతాయి. ముడతల్లో బుడగలు పట్టుకుంటాయి, అర నిమిషంలో పైకి లేస్తాయి. పైకి రాగానే బుడగలు పగిలి మళ్ళీ మునుగుతాయి. నానబెట్టినవి, నూనె పూసి మెరిసేవి పనికిరావు. లావువైతే సగానికి కోయండి. గ్యాస్ పోయిన సోడాలో ఎంత మంచి కిస్మిస్ అయినా కదలదు.

ప్రశ్న: మా అంగన్‌వాడీలో 20 మంది పిల్లలు. కొనడానికి డబ్బులు లేవు. ఏం చేయించగలను?
— ఒక అంగన్‌వాడీ టీచర్, శ్రీకాకుళం జిల్లా

జవాబు: టీచర్ గారూ, చేమ ఆకులు దొరికితే మీ ప్రయోగశాల సిద్ధమైనట్టే. చెరువులో తామరాకులుంటే అవీ సరే, కోసుకురావడానికి పిల్లల్ని పంపకండి. ఐదుగురికి ఒక ఆకు, ఒక ఫిల్లర్, ఒక గ్లాసు నీళ్ళు. ఆకు మీద చుక్క వేస్తే ముత్యంలా నిలిచి దొర్లుతుంది. ఆకును మెల్లగా వంచుతూ చుక్కను అటూ ఇటూ పరుగెత్తించమనండి. రెండు చుక్కలు కలిస్తే ఒక్కటే పెద్ద చుక్క అవుతుంది, అది చూసి కేకలు పెట్టని పిల్లలుండరు. పక్కనే అరటాకు, జామాకు, కాగితం, పాత గుడ్డ పెట్టి వాటి మీదా చుక్క వేయించండి. ఎక్కడ దొర్లింది, ఎక్కడ పరుచుకుంది, ఎక్కడ ఇంకిపోయింది? ఆఖరున సబ్బునీళ్ళ చుక్క చేమాకు మీద వేస్తే ముత్యం నిలవదు, చతికిలబడుతుంది. సబ్బునీళ్ళకు వేరే ఫిల్లర్ పెట్టండి. అదే ఫిల్లర్ మంచినీళ్ళలో పెడితే ఆ పూటకు ముత్యాలు రావు. చేమకాడ రసం చర్మానికి దురద, నోటికి మంట. ఆకును చింపనివ్వకండి, నోట్లో పెట్టనివ్వకండి.

రెండోది గుడ్డు. ఒక్కటి చాలు, తర్వాత కడిగి ఉడికించుకోవచ్చు. రెండు గ్లాసుల్లో 250 మి.లీ. చొప్పున నీళ్ళు పోయండి. ఒకదానిలో మూడు పెద్ద చెంచాల ఉప్పు కలపండి. రాళ్ళ ఉప్పయితే గోరువెచ్చటి నీళ్ళలో ముందే కరిగించి, తేటపడనివ్వాలి. గుడ్డు మంచినీళ్ళలో మునుగుతుంది, ఉప్పునీళ్ళలో తేలుతుంది. మంచినీళ్ళలోనే తేలితే అది పాడైన గుడ్డు. రోజులు గడిచేకొద్దీ లోపలి గాలి గది పెరిగి గుడ్డు తేలికవుతుంది. ఉప్పు సరిపోకపోతే గుడ్డు అడుగున నిలువుగా లేచి ఊరుకుంటుంది, అప్పుడు ఇంకో చెంచా వేయించండి. పిల్లలే ఒక్కొక్క చెంచా వేస్తూ ఎన్నోదానికి లేస్తుందో లెక్కపెట్టడం ఇంకా బాగుంటుంది.

మీ ఊళ్ళో రైతులకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. గుడ్డు తేలేంత ఉప్పు కలిపిన నీళ్ళలో వరి విత్తనాలు పోసి, పైకి తేలిన తాలు తీసేసి, అడుగున చేరిన గట్టి గింజల్ని మంచినీళ్ళతో బాగా కడిగి నారు పోస్తారు. గుప్పెడు ధాన్యం తెచ్చి అదే నీళ్ళలో వేస్తే పిల్లలకు ఇంటికెళ్ళి చెప్పుకోవడానికి ఒక కబురు దొరుకుతుంది. పచ్చి గుడ్డు ముట్టుకున్న ప్రతి చేతినీ సబ్బుతో కడిగించాలి.

ప్రశ్న: ఇవన్నీ మొదలుపెట్టాక మా మూడేళ్ళ పాప కనిపించిన ప్రతి సీసా తెచ్చి “కలుపుదామా?” అంటోంది. భయంగా ఉంది.
— ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: ఆ ఉత్సాహం పోగొట్టకుండానే దారి ఉంది. ఒక ట్రే కేటాయించండి. “ఈ ట్రేలో అమ్మ పెట్టినవే మన ప్రయోగం సీసాలు” అని ఒక్కటే నియమం, రోజూ అదే మాట. ట్రేలోకి వచ్చేవి తినే వస్తువులు, స్నానం సబ్బు, గిన్నెల లిక్విడ్ మాత్రమే. రంగు కోసం తినే రంగులు, బీట్‌రూట్ రసం వాడండి. హోలీ రంగులు, కుంకుమ వద్దు.

కిరోసిన్, ఫినాయిల్, టాయిలెట్ క్లీనర్, బ్లీచింగ్, థిన్నర్, శానిటైజర్ తాళంలో ఉండాలి. వాటిని కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఉంచే అలవాటు మన ఇళ్ళలో ఇంకా ఉంది, ఈరోజే మానేయండి. బ్లీచింగ్, టాయిలెట్ క్లీనర్ కలిస్తే విషవాయువు పుడుతుంది, కాబట్టి అవి పెద్దవాళ్ళు కూడా కలపకూడదు. పిల్లలు కిరోసిన్ తాగితే వాంతి చేయించకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతే తాగినదానికన్నా పెద్ద ప్రమాదం. 108కు ఫోన్ చేసి, సీసా వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్ళండి.

ప్రశ్న: అన్నీ నిమిషాల్లో అయిపోయేవే. పిల్లలు కాస్త ఎదురుచూసేది ఏదైనా ఉందా?
— ఒక అమ్మమ్మ, అనంతపురం

జవాబు: మీ చేతిలో రోజూ ఉన్నదే, తోడు పెట్టడం. కాచిన పాలు మూడు గిన్నెల్లో 100 మి.లీ. చొప్పున తీసుకోండి. ఒకటి ఫ్రిజ్‌లో చల్లబరిచినవి, ఒకటి వేలు పెడితే గోరువెచ్చగా తగిలేవి, ఒకటి అప్పుడే పొంగి దించినవి. వేడిది మీరే పట్టుకోండి. మూడింటిలోనూ అర చెంచా పెరుగు వేసి కలపాలి. చల్లటిదాన్ని మళ్ళీ ఫ్రిజ్‌లో, మిగతా రెంటినీ మూతపెట్టి గట్టు మీద ఉంచండి. గిన్నెలు మారిపోకుండా మూతల మీద సూర్యుడు, మంచుముక్క, మంట బొమ్మలు గీయించండి. ఏది తోడుకుంటుందో ముందే చెప్పమని, వాళ్ళు చెప్పింది కాగితం మీద రాసి గోడకు అంటించండి.

వేసవిలో నాలుగైదు గంటలకు, చలికాలంలో రాత్రంతా గడిచాక చూడండి. గోరువెచ్చటి గిన్నెను కదిపితే పెరుగు ఒక్క ముద్దగా కదులుతుంది. మిగతా రెండూ పాలలాగే ఉంటాయి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, అసలు తమాషా దీని తర్వాతే ఉంది. ఫ్రిజ్ గిన్నెను బయటకు తీసి గట్టు మీద పెట్టి ఇంకో పూట ఆగండి. అదీ తోడుకుంటుంది. చలికి పెరుగులోని సూక్ష్మజీవులు నిద్రపోయాయంతే. పొంగుతున్న పాలలో వేసిన పెరుగు మాత్రం ఎంతసేపు ఉంచినా తోడుకోదు, ఆ వేడికి అవి చచ్చిపోయాయి. ఆ గిన్నెలో మళ్ళీ అర చెంచా పెరుగు, ఈసారి చల్లారిన పాలలో, మీ మనవరాలి చేతే వేయించండి.